కళ్ళజోడు నంబర్ ఎందుకు పెరుగుతుంది? 150 ఏళ్ల వెతుకులాట

కళ్ళజోడు ఉన్నవాళ్లు ముందు మీ నంబర్ కామెంట్‌లో పెట్టండి. నాది నేను చెప్తా: కుడి కన్ను మైనస్ ఆరు, ఎడమ కన్ను మైనస్ ఆరున్నర. ఏడో క్లాసులో మైనస్ ఒకటితో మొదలైంది, ఇంటర్ అయ్యేసరికి ఐదు దాటింది. ఏటా కొత్త అద్దాలు, ఏటా ఇంట్లో అదే డైలాగ్: "టీవీ ముందు కూర్చున్నావుగా, అనుభవించు."

మొన్న మా అక్క ఫోన్ చేసింది. వాళ్ల పాపకి ఎనిమిదేళ్లు. బోర్డు కనబడట్లేదంటే చూపించారట, మైనస్ ఒకటి వచ్చింది. "ఏరా, దీనికీ నీలాగే పెరుగుతుందా? ఆపే దారేం లేదా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. వెతుకుతూ పోతే 1867లో తేలాను.

దానికి ముందు ఒక చిన్న విషయం. పెద్దవాళ్ల కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎదిగే వయసులో అది అవసరానికి మించి సాగితే, దూరంగా ఉన్న వస్తువు బొమ్మ రెటీనాకి ముందే ఫోకస్ అయిపోతుంది. అదే హ్రస్వదృష్టి, మయోపియా. ఒక్క మిల్లీమీటర్ ఎక్కువ సాగితే నంబర్ రెండున్నర, మూడు దాకా మారుతుంది. సాగిన కన్ను మామూలుగా మళ్లీ వెనక్కి రాదు. లాసిక్ చేయించుకున్నా మారేది ముందున్న కార్నియా ఆకారమే, వెనక సాగిన రెటీనా అలాగే ఉంటుంది. అందుకే నంబర్ బాగా ఎక్కువున్నవాళ్లకి పెద్దయ్యాక రెటీనా ఊడే ప్రమాదం, చూపు మధ్యభాగం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. కాబట్టి సాగకముందే, అంటే చిన్నప్పుడే, ఆ వేగం తగ్గించాలి.

ఇప్పుడు కథలోకి వద్దాం. బ్రెస్లావ్ అనే ఊరు, అప్పట్లో ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. అక్కడ హెర్మన్ కోన్ అనే కంటి డాక్టర్ 10,060 మంది స్కూలు పిల్లల కళ్ళు పరీక్షించి 1867లో లెక్కలు అచ్చు వేశాడు. పల్లెటూరి బడుల్లో మయోపియా ఒకటిన్నర శాతం కూడా లేదు. పట్నంలో పై చదువులకి పంపే స్కూళ్లలో 26 శాతం. క్లాసు పెరిగేకొద్దీ నంబర్లూ పెరుగుతున్నాయి. కోన్ ఏమన్నాడంటే, తప్పు పిల్లలది కాదు, చీకటి గదులది, వంగి చదివించే బెంచీలది. క్లాసులోకి వెలుతురు రావాలి, బెంచీలు మార్చాలి అని పోరాడాడు.

తర్వాత గాలి తిరిగింది. 1913లో జ్యూరిక్‌లో అడాల్ఫ్ స్టైగర్ అనే డాక్టర్, ఇదంతా వంశపారంపర్యం అన్నాడు. 1960లలో కవలల మీద జరిగిన పరిశోధన కూడా అటే మొగ్గింది. "మీ నాన్నకి ఉంది, నీకూ వచ్చింది" అనే మాట డాక్టర్ల నోట చాలాకాలం నిలబడిపోయింది. జీన్స్ పాత్ర నిజమే. కానీ జీన్స్ ఒక తరంలో మారిపోవు కదా?

ఆ ప్రశ్న అలాస్కాలో బారో అనే ఊరు నుంచి వచ్చింది. 1969లో ఫ్రాన్సిస్ యంగ్ బృందం అక్కడి ఎస్కిమో కుటుంబాలని పరీక్షించింది. బడి లేకుండా పెరిగిన పాత తరంలో 131 మందిలో ఇద్దరికే మయోపియా. బడికెళ్లిన వాళ్ల పిల్లల్లో, మనవల్లో సగం మందికి పైగా ఉంది. రక్తం అదే, బతుకు మారింది.

1977లో టోర్‌స్టెన్ వీజెల్, ఎలియో రవియోలా కోతిపిల్లల కనురెప్పలు కుట్టేస్తే ఆ కళ్ళు పొడుగ్గా సాగిపోయాయి. అంటే కన్ను ఎంత పెరగాలో దానికి అందే దృశ్యం కూడా నిర్ణయిస్తోంది. మన భాషలో చెప్పాలంటే కన్ను ఇన్‌పుట్ చూసి సైజు సెట్ చేసుకునే ప్రోగ్రామ్.

మరి ఏ ఇన్‌పుట్ లోపించింది? అందరూ పుస్తకాన్నే అనుమానించారు. 2008లో సిడ్నీలో, సింగపూర్‌లో ఉండే ఆరేడేళ్ల చైనీస్ మూలాల పిల్లల్ని పోల్చారు. సిడ్నీలో మయోపియా 3.3 శాతం, సింగపూర్‌లో 29.1. విచిత్రమేమిటంటే సిడ్నీ పిల్లలే ఎక్కువ పుస్తకాలు చదువుతున్నారు! పెద్ద తేడా కనబడింది ఆరుబయట గడిపే సమయంలో: వారానికి అక్కడ 13.75 గంటలు, ఇక్కడ 3.05. గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్, బయట పగలు పది వేలు సులువుగా దాటుతుంది. ఆ వెలుతురుకి రెటీనాలో డోపమైన్ విడుదలై, కన్ను సాగడాన్ని అదుపు చేస్తుందని శాస్త్రవేత్తల అంచనా.

తైవాన్ 2010లో బడి పిల్లలకి రోజుకి 120 నిమిషాలు ఆరుబయట అనే కార్యక్రమం పెట్టింది. ఏళ్లుగా పెరుగుతూ వచ్చిన చూపు తగ్గిన పిల్లల శాతం 2012లో 49.4 నుంచి 2015లో 46.1కి దిగింది. చైనాలో గ్వాంగ్‌జౌలో ఒకటో క్లాసు పిల్లలకి రోజూ 40 నిమిషాల బయటి క్లాసు కలిపితే, మూడేళ్లలో కొత్తగా మయోపియా వచ్చినవాళ్లు 39.5 బదులు 30.4 శాతమే.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఎండ ముఖ్యంగా మయోపియా రాకుండా, ఆలస్యంగా వచ్చేలా చూస్తుంది. ఆల్రెడీ వచ్చాక వేగం తగ్గించడానికి వేరే దారులున్నాయి. ఒకటి అట్రోపిన్ చుక్కలు. ఈ మందు మన ఉమ్మెత్తలో కూడా ఉంటుంది, దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి! 2006లో సింగపూర్‌లో 1 శాతం చుక్కలు బాగా పనిచేశాయి, కానీ వెలుతురు చూడలేకపోవడం, దగ్గరివి మసకబారడం ఇబ్బంది. ఆపాక నంబర్ మళ్లీ దూకింది. అందుకే డోసు తగ్గించారు. 2019లో హాంకాంగ్‌లో 0.05, 0.025, 0.01 శాతం చుక్కలు పోల్చితే 0.05 మెరుగ్గా నిలిచింది. 0.01 మీద తర్వాతి ట్రయల్స్ ఒకే మాట చెప్పలేదు. రెండోది ప్రత్యేక లెన్సులు. కంటి అంచుల్లో ఫోకస్‌ని మార్చే కళ్ళద్దాలు, కాంటాక్ట్ లెన్సులు వచ్చాయి. ఏది ఎవరికి అన్నది కంటి డాక్టరే తేల్చాలి.

ఇంకో మాట. "అద్దాలు పెడితే నంబర్ పెరుగుతుంది, తక్కువ పవర్ ఇప్పించు" అంటారు కదా? 2002లో మలేషియాలో అదే పరీక్షించారు. తక్కువ పవర్ ఇచ్చిన పిల్లలకే ఎక్కువ పెరిగింది.

నా ఇంటర్ హాస్టల్ గుర్తొస్తుంది. ఉదయం ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. గ్రౌండ్ అంటే కారు పార్కింగే. టైమ్‌టేబుల్‌లో పీఈటీ పీరియడ్ ఉండేది, అందులో మ్యాథ్స్ చెప్పేవారు. నా నంబర్ మొత్తానికి అదే కారణమని చెప్పలేను. కానీ ఇంట్లో తిట్లన్నీ టీవీకే పడ్డాయి, ఆ పీరియడ్ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

అక్కకి తిరిగి ఫోన్ చేశా. అద్దాలు మానిపించొద్దు, పిల్లల కంటి డాక్టర్ని చుక్కల గురించి, లెన్సుల గురించి అడుగు, ఆరు నెలలకోసారి చూపించు, రోజూ పగలు బయట ఆడనివ్వు అన్నా. "మరి ట్యూషన్ ఎప్పుడురా?" అంది. సాయంత్రం ట్యూషన్ ఒక గంట వెనక్కి జరుపుతానని చివరికి ఒప్పుకుంది.

మీ ఇంట్లో బోర్డు కనబడట్లేదంటున్న చెల్లో తమ్ముడో ఉంటే ఈ ఎపిసోడ్ మీ అమ్మానాన్నలకి ఫార్వర్డ్ చేయండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, వాళ్లతో ఒక ఓవర్ క్రికెట్ ఆడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.