థాడియస్ స్టీవెన్స్: పెన్సిల్వేనియా న్యాయవాది, రాష్ట్ర శాసనసభ్యుడు

అమెరికాలో బానిసత్వ నిర్మూలన చరిత్ర రాసినవారు థాడియస్ స్టీవెన్స్‌ను ఎక్కువగా కాంగ్రెస్ సభ్యుడిగానే చూపారు. ఆయన రాజకీయ స్వభావం అంతకు చాలా ముందే, పెన్సిల్వేనియా కోర్టుల్లోనూ ఆ రాష్ట్ర శాసనసభలోనూ రూపుదిద్దుకుంది.

స్టీవెన్స్ 1792 ఏప్రిల్ 4న వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్‌లో జన్మించాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోగా, తల్లి సారా నలుగురు కొడుకులనూ రెక్కల కష్టంతో పెంచింది. 1814లో డార్ట్‌మత్ కళాశాల పట్టా పుచ్చుకుని పెన్సిల్వేనియాకు వచ్చి, యార్క్ పట్టణంలో బడిపంతులుగా పనిచేస్తూ న్యాయశాస్త్రం చదివాడు. 1816లో పక్కనున్న మేరీలాండ్‌లో పరీక్ష ఇచ్చి న్యాయవాదిగా అర్హత సంపాదించి, గెట్టిస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టాడు.

ఆయన తొలి కేసుల్లో ఒకదాన్ని దాటవేయడం తగదు. పెన్సిల్వేనియాలో 1780 నాటి చట్టం ప్రకారం, యజమాని వెంట వచ్చి ఆ రాష్ట్రంలో ఆరు నెలలు నివసించిన బానిసకు స్వేచ్ఛ లభిస్తుంది. మేరీలాండ్‌కు చెందిన ఛారిటీ బట్లర్ ఈ చట్టం ఆధారంగానే తనకు విముక్తి కోరింది. 1821లో స్టీవెన్స్ యజమాని పక్షాన నిలిచాడు. ఆమె వచ్చిపోయిన రోజులన్నీ కలిపి ఆరు నెలలు దాటినా, ఒకే విడతలో అన్నాళ్లు ఉండలేదు కనుక చట్టం వర్తించదని వాదించి గెలిచాడు. ఛారిటీ, ఆమె పిల్లలు తిరిగి బానిసత్వంలోకి వెళ్లారు. తర్వాతి ఏళ్లలో పారిపోయి వచ్చిన బానిసల తరఫున ఆయన ఎన్నో కేసులు వాదించాడు. అవేవీ ఈ తీర్పు మిగిల్చిన నష్టాన్ని పూడ్చలేవు.

1833లో ఫ్రీమేసన్ సంఘాల రహస్య పలుకుబడిని వ్యతిరేకించే పార్టీ తరఫున ఆయన రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. మరుసటి ఏడాది సభ ఉచిత పాఠశాలల చట్టాన్ని ఆమోదించింది. అంతకుముందు పేదవాడి బిడ్డకు ఉచితంగా చదువు దక్కాలంటే తల్లిదండ్రులు తాము నిరుపేదలమని బహిరంగంగా ఒప్పుకోవాలి. ఆ అవమానానికి వెరచి చాలామంది పిల్లలను బడికే పంపేవారు కాదు. అయితే కొత్త చట్టం పన్ను కూడా వెంటబెట్టుకొచ్చింది. పన్ను ఇష్టంలేని రైతులు, సొంత చర్చి బడులు నడుపుకుంటున్న జర్మన్ సమాజాలు తిరగబడ్డాయి. రద్దు కోరుతూ వచ్చిన అర్జీలపై సుమారు 32,000 సంతకాలున్నాయి. ఎగువ సభ రద్దుకు ఓటు వేసింది కూడా.

1835 ఏప్రిల్ 11న దిగువ సభలో స్టీవెన్స్ లేచి మాట్లాడాడు. పేదలను వేరుచేసి వారిపై ముద్ర వేసే ఏర్పాటును మళ్లీ తీసుకురావద్దన్నాడు. పిల్లల్లేనివాడు బడి పన్ను ఎందుకు కట్టాలన్న ప్రశ్నకు ఆయన జవాబు సూటిగా ఉంది: నేరం చేయనివాడు కూడా కోర్టులకు, జైళ్లకు పన్ను కడుతూనే ఉన్నాడు కదా! తన జిల్లా ఓటర్లలో చాలామంది చట్టానికి వ్యతిరేకులని తెలిసీ, చట్టాన్ని సమర్థించిన గవర్నర్ జార్జ్ వుల్ఫ్ తన ప్రత్యర్థి పార్టీవాడైనా, ఆయన వెనక్కి తగ్గలేదు. సభ రద్దు ప్రతిపాదనను తిప్పికొట్టింది, చట్టం నిలిచింది. స్టీవెన్స్ జీవితంలోని విజయాలన్నింటిలోకీ ఇదే గొప్పదనడం అతిశయోక్తి కాదు.

1837లో మొదలైన రాష్ట్ర రాజ్యాంగ సదస్సులో మాత్రం ఆయన ఓడిపోయాడు. ఓటు హక్కును శ్వేతజాతి పురుషులకే పరిమితం చేస్తూ 1838లో సదస్సు కొత్త రాజ్యాంగాన్ని సిద్ధం చేయగా, దానిపై సంతకం పెట్టనన్నాడు.

1842లో లాంకాస్టర్‌కు మకాం మార్చాడు. 1851 సెప్టెంబరులో ఆ జిల్లాలోని క్రిస్టియానాలో, పారిపోయిన బానిసలను పట్టుకోవడానికి వచ్చిన మేరీలాండ్ యజమాని ఘర్షణలో చనిపోయాడు. ఆ ఘటనకు సంబంధించి ముప్పై మందికి పైగా వ్యక్తులపై దేశద్రోహం నేరం మోపారు. మొదట విచారణకు వచ్చిన కాస్ట్‌నర్ హాన్‌వే తరఫు న్యాయవాదుల్లో స్టీవెన్స్ ఒకడు. జ్యూరీ కొద్ది నిమిషాల్లోనే హాన్‌వే నిర్దోషి అని తేల్చింది. మిగిలినవారిపై దేశద్రోహం విచారణ ముందుకు సాగలేదు.

1849 నుంచి 1853 వరకు, మళ్లీ 1859 నుంచి మరణించేదాకా ఆయన కాంగ్రెస్ సభ్యుడు. అంతర్యుద్ధ కాలంలో ఆర్థిక వ్యవహారాల సంఘానికి అధ్యక్షత వహించాడు. ఆ యుద్ధంలోనే, 1863లో, దక్షిణాది సైన్యం ఆయన ఇనుప కర్మాగారాన్ని తగలబెట్టింది. పద్నాలుగో రాజ్యాంగ సవరణ రూపకల్పనలో ఆయనది ముఖ్యపాత్ర. చట్టాల సమాన రక్షణ అనే సూత్రం ఆ సవరణ నుంచే భారత రాజ్యాంగం 14వ అధికరణంలోకి వచ్చింది. బానిసత్వం నుంచి విడుదలైన కుటుంబాలకు భూమి పంచాలన్న ఆయన ప్రతిపాదనను కాంగ్రెస్ అంగీకరించలేదు. ఆ తిరస్కారం వల్ల దక్షిణాదిలో లక్షలాదిమంది పాత యజమానుల పొలాల్లోనే కూలీలుగా, కౌలుదారులుగా మిగిలిపోయారు.

స్టీవెన్స్ 1868 ఆగస్టు 11న వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. లాంకాస్టర్‌లోని మిగతా శ్మశానాలు జాతిని బట్టి స్థలం ఇస్తున్నాయని, ఆ నిబంధన లేని చిన్న శ్మశానాన్ని తానే ముందుగా ఎంచుకున్నాడు. జాతి, వర్ణ భేదం లేకుండా అనాథ బాలలను చేర్చుకునే విద్యాలయం కోసం వీలునామాలో సొమ్ము కేటాయించాడు. దాని ఫలితంగా 1905లో ఏర్పడిన సంస్థ ఇప్పుడు ఆయన పేరుతోనే సాంకేతిక కళాశాలగా లాంకాస్టర్‌లో నడుస్తోంది.