అవిచల నగరం: గోదావరి ఒడ్డున ఒక వలస ఊరు

మతం కోసం దేశం విడిచి వెళ్ళినవాళ్ళు అమెరికాలో కట్టుకున్న ఒక చిన్న ఊరి గురించి మా విద్యార్థులకు ఇంగ్లీషులో పాఠం ఉండేది. ధర్మాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక అమ్మాయి ఆ పాఠం చదువుకొని వచ్చి, "సార్, మన దిక్కు ఇట్లాంటి ఊరు ఒక్కటన్నా ఉందా?" అని అడిగింది. "నువ్వు రోజూ దిగే స్టేషను బోర్డు మీద ఏముందో చెప్పమ్మా" అన్నాను. "హుజూర్ సాహిబ్ నాందేడ్" అంది. తరగతి అంతా నవ్వింది. నేను వేళాకోళం ఆడాననుకున్నారు. గంట కొట్టేశారు కాబట్టి ఆ రోజు జవాబు సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు అమెరికా సంగతి చూద్దాం. అటువంటి ఊళ్ళు అక్కడ చాలా ఉన్నాయి గాని, మనకు కొంత చుట్టరికం ఉన్నదాన్ని తీసుకుంటాను. మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవారు ఆయుధం పట్టరు, సైన్యంలో చేరరు. ఈ నియమం వల్లనే వారికి యూరప్‌లో నిలకడ లేకుండా పోయింది. రష్యా రాణి రెండవ కేథరిన్ 1763లో విదేశీయులను పిలిచి భూములిస్తానని ప్రకటించింది. తర్వాతి దశాబ్దాల్లో వారు దక్షిణ రష్యాలో స్థిరపడ్డారు. నూరేళ్ళు తిరగకుండానే, 1870లలో, అక్కడా సైనిక సేవ తప్పదన్న చట్టం వచ్చింది. అప్పుడు దాదాపు 18 వేలమంది ఉత్తర అమెరికాకు ఓడలెక్కారు. వారిలో క్రిమియానుంచి యాకోబ్ వీబె నాయకత్వాన వెళ్ళిన ఒక చిన్న సమాజం 1874లో కాన్సస్ మైదానంలో రైల్వే కంపెనీ భూమి కొని 'గ్నాడెనౌ' అనే ఊరు కట్టింది. పేరుకు అర్థం 'కృపామైదానం'. ఒకే వీధి, రెండు వైపులా ఇళ్ళు, ఇళ్ళ వెనక పొడుగాటి పట్టీల్లాగా పొలాలు: రష్యాలో వదిలి వచ్చిన ఊరి నమూనాయే అది. కాని అమెరికాలో భూమిని చదరాలుగా కొలిచి అమ్ముతారు. ఎవరి చదరంలో వారు ఇల్లు వేసుకోవటం మొదలుపెట్టాక ఆ వీధి కొద్ది ఏళ్ళలోనే విడిపోయింది. పక్కనే రైలు స్టేషను దగ్గర పెరిగిన హిల్స్‌బరో మిగిలింది.

భాషాశాస్త్రం చదువుకున్నవాడికి ఈ కథలో రుచించేది మరొకటి ఉంది. వీరు ఇంట్లో మాట్లాడింది ప్లౌట్‌డీచ్ అనే లోతట్టు జర్మన్ మాండలికం. చర్చిలో, బైబిలులో, బడిలో వాడింది గ్రాంథిక జర్మన్. బజారుకు ఇంగ్లీషు. కుటుంబాలు కుటుంబాలుగా, ముసలమ్మలతో పసిపిల్లలతో సహా తరలి వచ్చారు కాబట్టి ఇంటి మాట రెండు మూడు తరాలు చెక్కు చెదరలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ మాట్లాడేవారిని అమెరికాలో అనుమానంగా చూశారు. ఆ తర్వాత చర్చి నెమ్మదిగా ఇంగ్లీషులోకి మారింది. గుడి మారాక బడి మారింది, ఆఖరున ఇల్లూ మారింది.

చుట్టరికం అన్నాను. ఈ వలసదారుల్లోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం 1899లో తన మిషనరీలను పంపింది హైదరాబాదు రాజ్యానికే. మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో వారి ఆసుపత్రులు, బళ్ళు వెలిశాయి. శంషాబాద్‌లో 1932లో పుట్టిన పాల్ హీబర్ట్ ఆ మిషనరీ కుటుంబంవాడే. హిల్స్‌బరోలోని టేబర్ కళాశాలలో చదువుకున్నాడు. పాలమూరు ప్రాంతపు ఒక తెలుగు పల్లెమీద ఆయన రాసిన 'కొండూరు' 1971లో అచ్చయింది. మన గ్రామాల గురించి ఆలోచించేవారు ఇప్పటికీ తెరవదగ్గ పుస్తకం అది.

ఇక నాందేడు. ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నాందేడును సిక్కులు స్థాపించలేదు. ఇది గోదావరి రేవుమీది పాత ఊరు. 1636లో షాజహాన్ దక్కన్‌ను నాలుగు సుబాలుగా చేసి కొడుకు ఔరంగజేబుకు అప్పగించినప్పుడు వాటిలో ఒకదాని పేరు తెలంగాణ. దాని రాజధాని నాందేడు, ముఖ్యదుర్గం కంధార్. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా తెలుగు పిల్లల ముఖాల్లో ఒక వెలుగు కనిపిస్తుంది. కానీ ఇది మొగలు దఫ్తరు పెట్టిన పేరు. దాన్ని బట్టి ఊరంతా తెలుగే మాట్లాడేదని తీర్మానించుకోరాదు.

1708లో బహదూర్‌షా చక్రవర్తి హైదరాబాదులో తిరగబడిన తమ్ముడు కాంబక్ష్‌మీదికి సైన్యంతో దిగివస్తున్నాడు. ఆ ప్రయాణంలో సిక్కుల పదవ గురువు గోవింద సింగు కూడా దక్షిణాదికి వచ్చి నాందేడులో ఆగాడు. ఇక్కడే మాధోదాస్ అనే బైరాగిని శిష్యుడిగా స్వీకరించాడు. బందా బహదూర్ పేరుతో పంజాబు చరిత్రను తిప్పినవాడు ఆయనే. ఇక్కడే ఒక పఠాను చేతిలో కత్తిపోటు తిని, 1708 అక్టోబరు 7న గురువు దేహం చాలించాడు. తన తర్వాత మనిషి గురువుగా ఉండడని, గ్రంథమే గురువని ఆయన చెప్పింది కూడా ఈ ఊళ్ళోనే. చక్రవర్తి మాత్రం ముందుకు సాగిపోయాడు. 1709 జనవరిలో హైదరాబాదు దగ్గర కాంబక్ష్ హతుడయ్యాడు. ఆ యుద్ధం సంగతి ఇవాళ ఎవరికీ పట్టదు. దారిలో ఆగిన చోటు మాత్రం నిలిచింది.

గురువు వెంట వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్ళారు. సంతోఖ్ సింగు అనే ఆయనను మాత్రం ఇక్కడే ఉండి వంటశాల నడపమని గురువు ఆదేశించాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. కోటా కాదు, పాలెగారి గడీ కాదు, ఒక పొయ్యి! ఊరిలో ఈ ఊరు మొలిచింది అక్కడ.

దానికి వారు పెట్టుకున్న పేరు 'అబ్చల్ నగర్'. ఇది మనకు తెలియని మాటేమీ కాదు. సంస్కృతపు 'అవిచల'లో వకారం ఉత్తరాది నాలుకమీద బకారమైంది. కదలని ఊరు అని అర్థం. కదిలి వచ్చినవాళ్ళు తమ ఊరికి కదలని ఊరని పేరు పెట్టుకోవటంలో ఎంత కోరిక ఉందో ఊహించండి. 'హుజూర్' సంగతి చెప్పనక్కర లేదు. సన్నిధి అన్న అర్థం గల అరబ్బీ మాట. మన హుజూరాబాదులో, హుజూర్‌నగర్‌లో అది దొరతనాన్ని సూచిస్తే, ఇక్కడ గురువు సమక్షాన్ని సూచిస్తుంది.

నూట పాతికేళ్ళపాటు ఇది చిన్న క్షేత్రంగానే ఉండిపోయింది. పెద్ద మలుపు 1830లలో వచ్చింది. మహారాజా రంజిత్ సింగు 1832 నుంచి 1837 మధ్య ఇప్పటి సచ్‌ఖండ్ మందిరాన్ని కట్టించాడు. అదే దశాబ్దంలో హైదరాబాదు దివాణంలో చక్రం తిప్పుతున్న చందూలాల్ ప్రయత్నంమీద పంజాబు నుంచి ఒక సిక్కు పటాలం నిజాం కొలువుకు వచ్చింది. 'లాహోరీ ఫౌజు' అన్నారు దాన్ని. హైదరాబాదులో మూసీ దగ్గర అత్తాపూర్‌లోని బరంబాలా వారి ఛావనీ. శిస్తు వసూళ్ళకూ కాపలాలకూ వారిని వాడుకున్నారు. వారి సంతతి హైదరాబాదులోనూ నాందేడులోనూ తెలంగాణ జిల్లాల్లోనూ ఉంది. దక్కనీ సిక్కులంటే ప్రధానంగా వీరే. ఆయుధాలకు సానపట్టే సిక్లీగర్లు, సిక్కు మతం పట్టిన బంజారాలు వేరే.

ఇక్కడ కాన్సస్‌కూ నాందేడుకూ తేడా గమనించండి. మెన్నోనైట్లు కుటుంబాలతో వచ్చారు, లాహోరీ ఫౌజులో చాలామంది ఒంటరి సిపాయిలు. ఇక్కడి స్త్రీలకు అమృతం ఇప్పించి పెళ్ళాడారు. పిల్లవాడికి మొదటి మాట నేర్పేది తల్లి. ఆమెకు వచ్చింది దక్కనీ, మరాఠీ, కొన్నిచోట్ల తెలుగు. అందువల్ల ఒకటి రెండు తరాల్లోనే పంజాబీ ఇంట్లోంచి జారిపోయింది. నా దగ్గర చదువుకున్న ఒక సిక్కు కుర్రవాడు నిజామాబాద్‌లోని తన అమ్మమ్మతో మాట్లాడే తెలుగు మా ప్రొఫెసర్ల తెలుగు కంటే తేటగా ఉండేది. అతని పంజాబీని మాత్రం పంజాబునుంచి వచ్చిన యాత్రికులు నవ్వుతూ సరిదిద్దేవారు.

మాట పోయింది. మరి లిపి? అది పోలేదు. గ్రంథమే గురువైనచోట చదవటం రానివాడు గురువు ముందు మూగవాడు. రోజూ తెల్లవారుజామున ఎవరో ఒకరు గురుముఖి చదవాలి, అందుకోసం ఎవరో ఒకరు ఎవరో ఒకరికి నేర్పాలి. ఇంట్లో తల్లి వదిలేసినదాన్ని గుడి పట్టుకుంది. ఈ గ్రంథంలోనే నామదేవుని పదాలు 61 ఉన్నాయి. నామదేవుని జన్మస్థలంగా చెప్పే నర్సీ మన పొరుగున హింగోలి జిల్లాలో ఉంది. గోదావరి పరీవాహకంలో పుట్టిన గొంతు పంజాబుకు పోయి, గురుముఖి లిపిలో కూర్చుని, మళ్ళీ గోదావరి ఒడ్డుకే వచ్చిందన్నమాట.

కేంద్రంలో మారిపోయిన రూపాలు అంచుల్లో నిలిచి ఉండటం భాషల్లో తరచు చూస్తాం. ఇంగ్లండ్ విడిచిపెట్టిన 'గాటెన్' అనే రూపం అమెరికావాళ్ళ నోట ఇంకా ఆడుతోంది. ఆచారాలదీ అదే తీరు. పంజాబులో 19వ శతాబ్దం చివర సింగ్ సభ సంస్కరణలు వచ్చాయి. 1925లో గురుద్వారాల చట్టం వచ్చింది. 1940ల నాటికి ఒకే నడవడి నియమావళి స్థిరపడింది. నాందేడు ఆ రోజుల్లో నిజాం రాజ్యం. ఆ చట్టం ఇక్కడికి రాలేదు, ఆ సంస్కరణలూ పూర్తిగా చేరలేదు. అందుకే ఇక్కడ ఆది గ్రంథంతో పాటు దశమ గ్రంథాన్ని కూడా కొలుస్తారు, దీపాలతో హారతి ఇస్తారు, దసరాకు కత్తులు దూసి 'హల్లాబోల్' ఊరేగింపు తీస్తారు, నిత్యం గోదావరి నీళ్ళు బిందెతో తెచ్చి మందిరం కడుగుతారు. అమృత్‌సర్ నుంచి వచ్చినవారికి వీటిలో కొన్ని వింతగా తోస్తాయి. హిందువుల సావాసంతో అబ్బినవని కొందరంటారు. హజూరీ సిక్కుల మాట వేరు: పాత పద్ధతే మా దగ్గర మిగిలింది, మారింది మీరు అంటారు. బిందె, దీపం సంగతిలో ఇరుగుపొరుగు ప్రభావం లేదనలేను గాని, మొత్తంమీద నా మొగ్గు రెండవవారి వైపే. 1956లో హైదరాబాదు రాజ్యం రద్దు కావటానికి కొద్ది ముందు నాందేడు గురుద్వారాకు విడిగా ఒక చట్టం చేశారు. దానివల్ల ఈ ప్రత్యేకతకు ఒక ఆసరా దొరికింది. 2008లో గ్రంథానికి గురుత్వం ఇచ్చిన మూడువందల ఏళ్ళ ఉత్సవం జరిగినప్పుడు పట్టణం రోడ్లూ ఘాట్లూ రూపు మారాయి. లోపలి ఆచారం మారలేదు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 1956 నవంబరు 1న గీతలు మారినప్పుడు అప్పటిదాకా నాందేడు జిల్లాలో ఉన్న ముథోల్ తాలూకా ఆదిలాబాదుకు పోయింది. ఆదిలాబాదులోని కిన్వట్ నాందేడుకు వచ్చింది. దెగ్లూరు నుంచి బిచ్‌కుంద, జుక్కల్ నిజామాబాద్‌కు వెళ్ళాయి. కొందరు తెలుగువారు కదలకుండానే పరరాష్ట్రం వారయ్యారు. అంతకు ముందే సాలెవారు మగ్గాలతో, కోమట్లు దుకాణాలతో, మేస్త్రీలు తాపీలతో వచ్చి ఇక్కడ ఉన్నారు. వచ్చినవారంతా కుటుంబాలతో వచ్చారు. అందుకే మూడు నాలుగు తరాలైనా ఇంట్లో తెలుగు ఉంది. మరాఠీ విభక్తులు తొడుక్కుని, దక్కనీ ఊతపదాలు పెట్టుకుని అయినా సరే, ఉంది.

లిపి దగ్గరకొస్తే కథ తిరగబడుతుంది. ఈ ప్రాంతంలో 'వార్' అని ముగిసే ఇంటిపేర్లు ఎన్ని వింటామో చూడండి: కోటగిర్‌వార్, గుండావార్, చింతావార్. అది మన 'వారు' అనే గౌరవ బహువచనమే. దేవనాగరిలో రాయటంతో చివరి ఉకారం రాలిపోయింది. మరాఠీ పిల్లలు దాన్ని వారంలో రోజు పేరనుకుని ఆట పట్టిస్తారు. ఆ ఇంటిపేరుగల వారిలో దాన్ని తెలుగులో రాయగలిగినవారిని నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. సిక్కులకు మాట పోయి లిపి మిగిలింది, మనకు లిపి పోయి మాట మిగిలింది. వారికి రోజూ చదివి తీరవలసిన గ్రంథం ఉంది. ఈ ఊళ్ళో తెలుగు చదవకపోతే ఆగిపోయే పని ఒక్కటీ లేదు. పెళ్ళిపత్రిక మరాఠీలో, దుకాణం లెక్క మరాఠీలో, గుళ్ళో పాడే తెలుగు పాట కూడా దేవనాగరిలో రాసుకున్న నోటు పుస్తకంలోనే.

ఇతరులను అని ఏం లాభం? భాషాశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి, తెలుగు చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. మా నాన్న పోయాక ఆయన పెట్టెలో నేను హాస్టలు నుంచి రాసిన ఉత్తరాలు దొరికాయి. మా అబ్బాయి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, "చదివి పెట్టు నాన్నా" అన్నాడు. చక్కని తెలుగులోనే అన్నాడు.

నాందేడునుంచి గోదావరి వెంట కిందికి పోతే ధర్మాబాద్ దాటగానే బాసర వస్తుంది. 2016 నుంచి అది నిర్మల్ జిల్లాలో ఉంది. మాకందరికీ అలవాటైన యాత్ర అది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో పిల్లలకు అక్కడే సరస్వతి ముందు అక్షరాభ్యాసం చేయిస్తారు. పూజారి పిల్లవాడి వేలు పట్టుకుని పలకమీద తెలుగులో 'ఓం' రాయిస్తాడు. జూన్‌లో వాణ్ణి మరాఠీ బడిలోనో ఇంగ్లీషు బడిలోనో వేస్తారు. మా ఇంట్లో ఆ పలక గూట్లో ఇంకా ఉంది. పసుపు చెరగలేదు. అక్షరం మాత్రం ఎప్పుడో తుడుచుకుపోయింది.