తాగునీరు - శ్రమశక్తి: తెలుగు నేలపై ఫ్లోరోసిస్ చరిత్ర

ఒక కార్మికుడు నిర్ణీత కాలంలో సాధించే ఉత్పత్తిని శ్రమ ఉత్పాదకత అంటారు. దీనిని సాధారణంగా పనిముట్లు, నైపుణ్యం, పెట్టుబడి ఆధారంగా వివరిస్తారు. మరి పనిచేసే మనిషి ఆరోగ్యం మాటేమిటి? ఈ ప్రశ్నకు జవాబును ఫ్లోరోసిస్ చరిత్రలో వెతుకుదాం.

జనగామ జిల్లాలోని బచ్చన్నపేట వంటి మెట్ట ప్రాంతాన్ని గుర్తుచేసుకోండి. ఇలాంటి చోట్ల తాగడానికీ, సాగుకూ చెరువులు, బావులు, తరువాతి కాలంలో బోర్లు ఆధారమయ్యాయి. తెలంగాణలోని గ్రానైటు శిలల్లో ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉంటాయి. రాతి పగుళ్లలో నీరు ఎక్కువ కాలం నిలిచే కొద్దీ ఫ్లోరైడు అందులో కరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

మన దేశంలో ఈ వ్యాధి గురించిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడింది. అది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు సంబంధించినది. దున్నే ఎద్దులు కీళ్లు బిగుసుకొని నడవలేకపోవడాన్ని రైతులు ముందుగా గమనించారని ఈ వ్యాధి చరిత్ర రాసినవారు చెబుతారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. వ్యాధి మొదట ఆగిపోయిన పనిగా కనిపించింది, ఆ తరువాతే దానికి పేరు వచ్చింది.

తెలంగాణలో ఈ సమస్యకు నల్లగొండ ప్రతీకగా మారింది. ఫ్లోరైడు పిల్లల పళ్లపై మరకలు తెస్తుంది. ఏళ్ల తరబడి శరీరంలో చేరితే వెన్నెముక, మెడ, తుంటి కీళ్లు బిగుసుకుపోతాయి. నాటు వేయడం, కలుపు తీయడం, కోత కోయడం అన్నీ నడుము వంచి చేసే పనులే. వంగలేని కూలీకి కూలి తగ్గుతుంది లేదా పని దొరకదు. ఆదాయం తగ్గితే తిండి తగ్గుతుంది. కాల్షియం తక్కువైన శరీరానికి ఫ్లోరైడు మరింత హాని చేస్తుంది. ఈ విధంగా పేదరికం, వ్యాధి ఒకదానినొకటి పెంచుకుంటాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం గుర్తించి ప్రకటించారు.

పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు వచ్చింది. అయితే దానిని ప్రతి ఊరిలో, ప్రతిరోజూ సరిగా నడపడం సులభం కాదు. అందుకే నదీజలాల కోసం ప్రజలు ఉద్యమించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఇంటింటికీ శుద్ధిచేసిన నీరు అందించడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. మంచి నీరు కొత్త తరాన్ని కాపాడగలదు. కాని ఒకసారి వంగిపోయిన ఎముకను తిరిగి నిలబెట్టలేదు.

ఈ చరిత్ర నుండి మీరు గ్రహించవలసింది ఒకటుంది. పనికి వచ్చినవారి ఉత్పత్తిని మాత్రమే లెక్కిస్తే, పనికి రాలేకపోయినవారు లెక్కలోంచి జారిపోతారు. మంచం పట్టినవారిని చూసుకుంటూ కూలి పోగొట్టుకున్న స్త్రీల శ్రమ కూడా కనిపించదు. కాబట్టి తాగునీటిపై చేసే ఖర్చును సంక్షేమ వ్యయంగా మాత్రమే చూడరాదు. అది శ్రమశక్తిపై పెట్టే పెట్టుబడి కూడా.

అభ్యాసం: మీ ఊరిలో గత యాభై ఏళ్లలో తాగునీటి వనరులు ఎలా మారాయో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ మార్పు వారి పనిదినాలపై చూపిన ప్రభావాన్ని పది వాక్యాలలో రాయండి.