కల్లుకు ఉన్న పేర్లు

వైన్ రుచి చెప్పడానికి మాటలకు కొదవ లేదు. వగరు పుట్టించే పదార్థం టానిన్, నోటికి తెలిసే చిక్కదనం బాడీ, ద్రాక్ష కోసిన ఏడాది వింటేజ్. 1984లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆన్ నోబుల్ వైన్ వాసనలన్నిటినీ ఒక చక్రంలో పేర్చారు. తాగే రసాన్ని ఇంత సన్నగా పోల్చుకునే నుడికారం మనకు లేదనుకుంటే పొరపాటే. సిద్దిపేట జిల్లా కొండపాక వంటి ఊళ్లలో కల్లు గీసే గౌడులూ వాళ్ల దగ్గర తాగేవాళ్లూ తరతరాలుగా ఆ పని చేస్తూనే ఉన్నారు. ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు. తాటిలో మళ్లీ పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు. ఒక్కోటి ఒక్కో కాలంలో పారుతుంది కాబట్టి పేరు వింటే ఋతువు తెలిసిపోతుంది. ఆపైన పూట లెక్క. మోకు, ముస్తాదుతో చెట్టెక్కి దించిన లొట్టి అనే కుండను వంచి, నురుగు ఊది, తాటాకు రేకలో పోస్తే మొదటి గుక్క తియ్యగా దిగుతుంది. ఎండెక్కేసరికి పులుపు, పొద్దువాలితే ఘాటు. లొట్టికి అంటుకున్న పాత మడ్డిలోని ఈస్టు, చుక్క పడ్డప్పటి నుంచే చక్కెరను తినడం మొదలుపెడుతుంది. సున్నం పూసిన కుండలో ఆ పని సాగదు, అదే నీరా. వైన్ వయసును ఏళ్లతో కొలిస్తే కల్లు వయసును గంటలతో కొలవాలి.

ఇవి చెట్ల పేర్లే కదా, రుచుల పేర్లెలా అవుతాయని అడగవచ్చు. ఫ్రాన్స్‌లో బుర్గుండి సీసా మీద ఉండేదీ ఊరి పేరో తోట పేరో. తెలిసినవాడు అందులోనే రుచి చదువుకుంటాడు. పోతుతాడు అన్న మాట చేసేదీ అదే. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది: ఇళ్లు కూల్చిన తాగుడుకు ఈ గౌరవమెందుకు? ఆ దుఃఖం నిజం, దాన్ని తేలిక చేయలేం. కానీ పేర్లు పోయినచోట ప్రమాదం పెరిగింది. నిజాం కాలపు ఆబ్కారీ వేలాల నుంచీ సర్కారు చెట్లను లెక్కపెట్టి పన్ను కట్టించుకుంది. రుచి దాని లెక్కలోకి రాలేదు. ఊళ్ల నుంచి కల్లు పోగేసే డిపోలో వంద చెట్ల కల్లు ఒక్కటైంది. చాలనిచోట నీళ్లూ, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులూ కలిశాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. ఏ చెట్టుది, ఎప్పుడు దించింది అని అడగడం చెట్టు కింద తాగేవాడికి అలవాటు. డిపోలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాడే లేడు.

హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకున్నాయి, 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ వచ్చింది. గీత వృత్తికి ఇది మంచి మలుపే. అయితే అమ్మే ప్రతిచోటా చెట్టు రకమూ దించిన పూటా బోర్డు మీద రాయించాలి. ఆ రెండు ముక్కలూ చెప్పగలిగిన గీత కార్మికులు ఊళ్లలో ఇంకా ఉన్నారు.