రెండు జాక్‌స్ట్రాప్‌ల కథ

మా అమ్మాయి హైస్కూల్లో ట్రాక్ టీములో చేరింది. స్పోర్ట్స్ బ్రా కొందామని షాపుకెళితే, ధర తప్ప ఇంకేం చూడాలో నాకు తెలియలేదు. పీటీ పీరియడ్‌కి కడుపునొప్పని చెప్పి కూర్చున్న తరం మాది. అసలు కారణం అమ్మకి కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి చదివితే, ఈ వస్తువు నాకన్నా కాస్తే పెద్దదని తెలిసింది! అమెరికాలో ఆడపిల్లలకి బడి ఆటల తలుపు తీసిన ‘టైటిల్ నైన్’ చట్టం 1972లో వచ్చింది. పరిగెత్తడానికి తగిన బ్రా మాత్రం మరో ఐదేళ్ళకి గాని రాలేదు.

1977లో, వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో లీసా లిండాల్ రోజూ జాగింగ్ చేసేది. జారే పట్టీలు, ఒరుసుకునే కొక్కేలు, నొప్పి. మగవాళ్ళకి జాక్‌స్ట్రాప్ ఉందిగా, మనకేదీ అన్నారు అక్కచెల్లెళ్ళిద్దరూ. నాటకాలకి దుస్తులు తయారుచేసే స్నేహితురాలు పాలీ స్మిత్, ఆమె సహాయకురాలు హిండా మిల్లర్ తోడయ్యారు. రెండు జాక్‌స్ట్రాప్‌లు కత్తిరించి కలిపి కుట్టారు. అదే ‘జాగ్‌బ్రా’. 1979లో పేటెంటు వచ్చింది. 2022లో ముగ్గురూ నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు.

వాళ్ళు చూసుకున్నవే ఇప్పుడూ చూడాలి: వీపు మీద కలిసే పట్టీలు, ఒరుసుకోని కుట్లు, బిగువుగా నిలిచే అడుగుపట్టీ. నూలు చెమటకి తడిసి బరువెక్కుతుంది. త్వరగా ఆరే పాలియెస్టర్ రకం బట్ట మేలు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ట్రయల్ రూములో గెంతి చూడమన్నాను. గెంతింది. ఊపిరి హాయిగా ఆడుతోందంది.

నేనూ ఒకటి కొనుక్కున్నాను.