విప్: తెలుగు నేలపై పార్టీ ఓటు కట్టడి, చీలికల చరిత్ర

చట్టసభలో ఓటు ఎటు వేయాలో, అసలు వేయాలో వద్దో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం విప్. ఆ ఆదేశం అందించే నాయకుణ్ణీ విప్ అనే పిలుస్తారు. ధిక్కరించి వేసిన ఓటు చెల్లుతుంది, లెక్కలోకి వస్తుంది. పోయేది ఓటు కాదు, పదవి. అదీ వెంటనే కాదు. 15 రోజుల్లోగా పార్టీ క్షమిస్తే అసలే పోదు.

ఈ కట్టడికి చట్టబలం లేని రోజుల్లో ప్రభుత్వాలు ఎంత సులువుగా కూలేవో ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాదికే తెలిసింది. 1953 అక్టోబరు 1న ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం అంతకుముందు ప్రజా సోషలిస్టు పార్టీ నాయకుడు. ఆ పార్టీని వదిలి కాంగ్రెసు మద్దతుతో గద్దెనెక్కారు. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదంపై వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో దిగిపోయారు.

అసలు పాఠం 1984 ఆగస్టుది. 16వ తేదీన గవర్నరు రామ్‌లాల్ ఎన్టీ రామారావును తొలగించి, ఆయన మంత్రివర్గంలోనే ఉన్న నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. తెలుగుదేశం చీలిందా, చీలితే ఎంత అన్నది శాసనసభలో తేలకముందే ప్రభుత్వం మారిపోయింది. రామారావు వర్గం ఎమ్మెల్యేలను హైదరాబాదు రామకృష్ణా స్టూడియోలో, ఆ తర్వాత కర్ణాటక నందిహిల్స్‌లో కాపాడుకుంది. క్యాంపు రాజకీయాలకు తెలుగునాట పేరు తెచ్చింది ఆ నెలరోజులే. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి గవర్నరు శంకర్‌దయాళ్ శర్మ.

మరుసటి ఏడాది జనవరిలో పార్లమెంటు 52వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. 1985 మార్చి 1 నుంచి పదో షెడ్యూలు అమల్లోకి వచ్చింది. స్వచ్ఛందంగా పార్టీ సభ్యత్వం వదులుకున్నా, విప్‌ను ధిక్కరించి ఓటేసినా, గైర్హాజరైనా సభ్యత్వం రద్దు. అయితే శాసనసభా పక్షంలో మూడోవంతు మంది కలిసి వెళ్తే దాన్ని చీలికగా గుర్తించి వదిలేసింది. ఒంటరిగా గోడ దూకినవాడికి శిక్ష, గుంపుకు దారి. ఈ చట్టంలో మొదటినుంచీ ఉన్న వంకర ఇదే.

1995లో తెలుగుదేశానికి ఆ మూడోవంతు మినహాయింపు అవసరం కూడా రాలేదు. 1994 ఎన్నికల్లో 294 స్థానాల్లో 216 గెలిచిన పార్టీ అది. రామారావు భార్య లక్ష్మీపార్వతి జోక్యంపై పెరిగిన అసంతృప్తితో ఆగస్టులో ఎమ్మెల్యేలు ట్యాంక్‌బండ్ దగ్గరి వైస్రాయ్ హోటల్‌కు చేరారు. వారి వెంట చంద్రబాబు నాయుడు, హరికృష్ణ, దగ్గుబాటి వేంకటేశ్వరరావు ఉన్నారు. మెజారిటీ శాసనసభ్యులు తమ వైపే ఉన్నారు కాబట్టి చీలిపోయింది తాము కాదు, పార్టీయే తాము అన్నది వారి వాదన. రామారావు శాసనసభ రద్దుకు సిఫారసు చేసినా గవర్నరు కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. ఆగస్టు 31న రాజీనామా, సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం. విప్ జారీచేసే అధికారం ఎవరి చేతిలో ఉందో తేలితే విప్‌తో పనే ఉండదని ఆ వారం రోజులు చూపించాయి.

2003లో 91వ సవరణ మూడోవంతు మినహాయింపును తీసేసింది. మూడింట రెండొంతుల మంది అంగీకరించే విలీనానికి మాత్రం రక్షణ మిగిలింది.

తర్వాత చట్టం నిజంగా కొరడా ఝళిపించిన కాలం ఒకటుంది. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాసానికి వైఎస్ జగన్మోహన్ రెడ్డి వర్గం కాంగ్రెసు ఎమ్మెల్యేలు 16 మంది, ప్రజారాజ్యం నుంచి శోభా నాగిరెడ్డి అనుకూలంగా ఓటేశారు. స్పీకరు నాదెండ్ల మనోహర్ 17 మందినీ అనర్హులను చేశారు. 1984 నాటి భాస్కరరావు కొడుకే ఈయన! 2012 జూన్‌లో వారి స్థానాలతో కలిపి 18 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే 15 వైఎస్సార్ కాంగ్రెసు గెలిచింది. 2013 మార్చి అవిశ్వాసంలో తెలుగుదేశం తటస్థంగా ఉండమని విప్ ఇచ్చింది. ఆ ఓటింగులో పార్టీ మాట కాదన్న కాంగ్రెసు సభ్యులు 9 మంది, తెలుగుదేశం సభ్యులు 6 మంది కూడా అనర్హులయ్యారు. సభ గడువు ఏడాది లోపే ఉండటంతో ఉప ఎన్నికలు జరగలేదు.

ఆ తర్వాత గడియారం స్పీకరు చేతికి వెళ్లింది. స్పీకరు నిర్ణయం న్యాయసమీక్షకు లోబడుతుందని 1992లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అసలు నిర్ణయమే చేయకపోతే? 2014 తర్వాత 23 మంది వైఎస్సార్ కాంగ్రెసు ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు 2017లో మంత్రులూ అయ్యారు, ఒక్కరిపైనా వేటు పడలేదు. 2019లో తెలుగుదేశం గెలిచినవీ సరిగ్గా 23 స్థానాలే. అదే ఏడాది తెలంగాణలో 12 మంది కాంగ్రెసు ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమైనట్టు గుర్తింపు పొందారు. 2025 జులై 31న సుప్రీంకోర్టు, బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) నుంచి కాంగ్రెసులోకి వెళ్లిన పదిమంది విషయం మూడు నెలల్లో తేల్చమని తెలంగాణ స్పీకరును ఆదేశించింది.

రహస్య ఓటు జరిగే ఎన్నికల్లో విప్ ప్రభావం వేరు. 2023 మార్చిలో ఎమ్మెల్యేల కోటా ఎమ్మెల్సీ ఎన్నికలో, నలుగురు సభ్యులు అప్పటికే దూరమైన తెలుగుదేశం తరఫున నిలిచిన పంచుమర్తి అనురాధకు 23 ఓట్లు పడ్డాయి. ఎదురు ఓటేశారంటూ మరునాడే వైఎస్సార్ కాంగ్రెసు తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేసింది. 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు తలుపు తడుతుండగా, స్పీకరు తమ్మినేని సీతారాం ఆ నలుగురినీ, 2019 తర్వాత వైఎస్సార్ కాంగ్రెసు వైపు వచ్చిన నలుగురు తెలుగుదేశం సభ్యులనూ కలిపి అనర్హులుగా ప్రకటించారు. ఇక ఆ సభ చేయాల్సిన పని పెద్దగా మిగల్లేదు.

గ్రామసీమలో ఈ కట్టడి సగమే. ఉదాహరణకు ఎన్టీఆర్ జిల్లా విస్సన్నపేటలో సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలకు పార్టీ గుర్తు ఉండదు కాబట్టి విప్పూ ఉండదు. ఎంపీటీసీలకు గుర్తు ఉంటుంది. మండలాధ్యక్షుణ్ణి వారు చేతులెత్తి ఎన్నుకుంటారు. అక్కడ విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. గుర్తు లేని చోటా పార్టీ వర్గాలు ఉండకపోవు, కాకపోతే వాటికి కాగితం మీద పేరుండదు. విస్సన్నపేట ఉన్న నియోజకవర్గానికి కేంద్రమైన తిరువూరులో 2025 మేలో నగర పంచాయతీ చైర్‌పర్సన్ ఎన్నిక ఉద్రిక్తతల మధ్య వాయిదా పడింది. అదే ఏడాది అక్టోబరులో ఎమ్మెల్యే కొలికపూడి శ్రీనివాసరావు, ఎంపీ కేశినేని శివనాథ్ మధ్య రచ్చకెక్కిన విభేదాలు తెలుగుదేశం క్రమశిక్షణ సంఘం దాకా వెళ్లాయి. ఇద్దరిదీ ఒకే పార్టీ. సభలో ఓటింగు ఉంటే తప్ప ఇలాంటి తగవులో విప్‌కు చోటు లేదు.