పేరు రాపించుకోవాలంటే మనోళ్ళకి ఎందుకంత భయం?

ఈసారి పోస్టు పొడుగైంది. నిదానంగా చదవండి, పనికొచ్చే సంగతి చివర్లో ఉంది.

పోయిన నెల మా హాస్టల్లో ఒక తమ్ముడు రెండు రోజులు మెస్‌కి రాలేదు. గట్టిగా అడిగితే చెప్పినాడు. పెళ్ళిళ్ళ సీజన్ కదా అని వాళ్ళమ్మ అప్పు చేసి వెదురు కొని, నలభై చాటలు, పది గంపలు అల్లింది. టౌన్లో రోడ్డు పక్కన పెట్టుకుంటే బండి వచ్చి మొత్తం ఎత్తుకుని పోయింది. ఏ టౌనో, ఏ ఆఫీసో రాయడం లేదు, ఆమె మళ్ళీ అక్కడే కూర్చోవాలి. పక్కన పండ్ల బండి ఆయన జోలికి మాత్రం ఎవరూ పోలేదంట. ఆయన దగ్గర కార్డు ఉంది. అంతకుముందు వీధుల్లో అమ్ముకునేవాళ్ళ పేర్లు రాసుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు ఆయన రాపించుకున్నాడు. ఆ అమ్మ మాత్రం గంప నెత్తిన పెట్టుకుని పక్క సందులోకి జారుకుంది. ఎందుకట్లా చేసినావమ్మా అంటే ఒకటే మాట: "మా అవ్వ చెప్పింది, ఎవరు పుస్తకం పట్టుకోనొచ్చినా పేరు చెప్పొద్దని."

ఆ అవ్వ ఎందుకట్లా చెప్పిందో ఆమెకీ తెలియదు. మాకూ తెలియదు. మేము నలుగురం, ఇద్దరం ఎరుకల, ఒకరు యానాది, ఒకరు సుగాళి. నాలుగిళ్ళల్లోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. లైబ్రరీలో కూర్చుని దొరికినంత చదివాం. ఆ భయానికి ఒక తారీఖు ఉందని అప్పుడు తెలిసింది.

ముందు మన పేర్లు చూడండి. ఉప్పు ఎరుకల, ఎద్దు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, పరికముగ్గుల ఎరుకల. ఇవి లోపలి తెగల పేర్లని పెద్దోళ్ళు చెప్తారు గానీ, వరసగా చదివితే అంగళ్ళ వీధిలో బోర్డులు చదివినట్టుంటుంది. ఉప్పు మోసుకొచ్చి అమ్మేవాళ్ళు, ఎద్దుల మీద సరుకు తోలేవాళ్ళు, వెదురు దబ్బలతో అల్లేవాళ్ళు, నేతగాళ్ళ పడుగుకి గంజి పట్టించే కుంచెలు కట్టేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. అంటే మనోళ్ళు చిన్న వ్యాపారులే. కాకపోతే అంగడి ఒకచోట ఉండేది కాదు, కాళ్ళ మీద నడిచేది.

వీటిలో పెద్ద వ్యాపారం ఉప్పు. సముద్రం ఒడ్డున ఉప్పు కొయ్యల దగ్గర కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని, కనుమలు దాటి మెట్ట ఊళ్ళకి వచ్చేవాళ్ళు. ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకునేవాళ్ళు. ఆ ధాన్యాన్ని దారిలో ఇంకో ఊళ్ళో అమ్మేవాళ్ళు. బండి బాట కూడా లేని పల్లెలకి ఉప్పు చేరిందంటే ఇట్లాంటి బిడారుల వల్లే. సుగాళీల తాతలది కూడా ఇదే పని, ఇంకా పెద్ద ఎత్తున, వందల ఎద్దులతో. అప్పట్లో సైన్యాలకి ధాన్యం మోసింది కూడా వాళ్ళే.

ఈ వ్యాపారం ఎట్లా పోయిందో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. మద్రాసు రాష్ట్రంలో కొరవల మీద రాసిన పుస్తకం అది. కొరవ అన్నా ఎరుకల అన్నా మనమే. ఉప్పు మీద 1805 నుంచే కంపెనీ గుత్తాధిపత్యం ఉంది. 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా దాకా రైలు పడింది. తర్వాత అరక్కోణం నుంచి మన రేణిగుంట మీదుగా, కడప మీదుగా పోయిన లైను 1871కి రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. రైలు పెట్టెలో పోయే ఉప్పు ముందర గాడిద మీద ఉప్పు ఏం నిలబడుతుంది? 1876-78 కరువులో పశువులు చచ్చిపోయాయి. మిగిలినవాటిని మేపుకుందామంటే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవిలో మేతకి, వెదురుకి అడ్డం పడింది. రైలు, కరువు, అడవి చట్టం, మూడూ ఒక మనిషి బతుకుకాలంలోనే వచ్చాయి. పుట్టినప్పుడు ఉప్పు వ్యాపారి ఇంట్లో పుట్టినవాడు ముసలోడయ్యే లోపల "ఏ పనీ లేకుండా తిరిగే జాతి" అయిపోయినాడు.

సరిగ్గా అదే కాలంలో మన టౌన్లకి రూల్సు మొదలైనాయి. మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం 1884లో వచ్చింది. తిరుపతి 1886లో మున్సిపాలిటీ అయింది, చిత్తూరు 1917లో. ఇంటి పన్ను, వృత్తి పన్ను, లైసెన్సులు, చెత్త, మురుగు, అన్నిటికీ రిజిస్టర్లు. మున్సిపాలిటీ ఎన్నికల్లో ఓటు కూడా పన్ను కట్టేవాళ్ళకే. పన్ను పుస్తకంలో పేరుంటేనే నువ్వు ఆ టౌను మనిషివి అన్నమాట. ఊరి బయట చింతచెట్టు కింద గుడారం వేసుకున్నవాడికి ఇంటి నంబరు ఎక్కడిది, పన్ను ఎక్కడిది? ఆ పుస్తకంలో మనకి చోటు లేదు.

వేరే పుస్తకం ఒకటి మనకోసం సిద్ధమైంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అది పరీక్షల కోసం మనం బట్టీ పడతాం. అదే 1911లో నేరస్త జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చిందని మాత్రం మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. 1871లో ఉత్తరాదిన మొదలైన చట్టం అది. ప్రభుత్వం ఒక ప్రకటన ఇస్తే చాలు, ఒక జాతి మొత్తం నేరస్త జాతి. ఆ ప్రకటనని ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి లేదు. తర్వాతి ఏళ్ళల్లో ఎరుకలోళ్ళని ఆ జాబితాలోకి ఎక్కించారు.

రిజిస్టర్లో పేరెక్కితే ఏమయ్యేదో చూడండి. వేలిముద్రలు ఇవ్వాలి. ఉండే చోటు చెప్పాలి. మారితే ముందుగానే చెప్పాలి. చెప్పిన టైముకి పోయి హాజరు పలకాలి, చాలా చోట్ల రాత్రిపూట కూడా. ఊరు దాటాలంటే పాసు. ఇది ఎవరికి పెట్టినారు? తిరిగితేనే పూట గడిచే వ్యాపారికి. సంతకి పోవాలంటే పాసు కావాలి, పాసు వచ్చేలోపల సంత అయిపోతుంది. పాసు లేకుండా పోతే జైలు. జైలుకి పోయినోడు నేరస్తుడే కదా, చూడండి మేము చెప్పలేదా అని మళ్ళీ ఆ లెక్కే చూపించేవాళ్ళు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. మన నారాయణవనం కథ అందరికీ తెలుసు. పద్మావతమ్మ మీద మనసుపడి శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి, గంప పట్టుకుని ఆకాశరాజు కోటలోకి పోయి, ధరణీదేవికి సోది చెప్పినాడు. రోజుకి వేల మంది ఈ కథ విని దండం పెడతారు. 1911 తర్వాత అదే వేషంలో అదే ఊరికి వచ్చుంటే ముందు స్టేషన్లో హాజరు పలికి రావాల్సి వచ్చేది. మా రూమ్మేట్ ఈ మాట అంటే నవ్వినాం. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

కొంతమందిని సెటిల్‌మెంట్లకి తోలినారు. గుంటూరు వైపు స్టూవర్టుపురం, సీతానగరం, నెల్లూరు వైపు కప్పరాళ్ళతిప్ప. స్టూవర్టుపురాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అక్కడి మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలీలైనారు. సినిమాల పుణ్యమా అని ఈరోజుకీ హాస్టల్లో ఎవరి పెన్ను పోయినా ఆ ఊరి పేరుతో మాకో జోకు పడుతుంది. మా యానాది తమ్ముడిది సూళ్ళూరుపేట వైపు, 2022లో జిల్లాలు మారాక వాళ్ళూ మన తిరుపతి జిల్లాలోకే వచ్చారు. ఈ చట్టం వాళ్ళలో కొందరినీ వదల్లేదు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు వాళ్ళ మీద ఆ ముద్ర తీయించడానికి ఏళ్ళ తరబడి తిరిగారు. ఆయన గురించి ఇంకో పోస్టు వాడే రాస్తానన్నాడు.

చట్టాన్ని మద్రాసులో 1947లో రద్దు చేశారు, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న. అందుకే ఆగస్టు 31ని విముక్త దినం అంటాం. అయితే మధ్యలో 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్తుల చట్టం ఒకటి వచ్చింది. దాంట్లో జాతి పేరు లేదు గానీ, స్టేషన్లో పనిచేసే మనిషి పాత రిజిస్టరు మర్చిపోతాడా? ఆ తమ్ముడి ముత్తవ్వ ఇవన్నీ చూసిన మనిషి. ఆమె చట్టం చదవలేదు, పుస్తకం వస్తే ఏమైతుందో చూసింది. అందుకే పేరు చెప్పొద్దని పిల్లలకి నేర్పింది. ఆ రోజుల్లో అది తెలివైన మాటే.

ఈరోజు మాత్రం అదే మాట మనల్ని ముంచుతోంది. ఎందుకంటే 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దీన్ని మేము మూడుసార్లు చదివాం. ఇంగ్లీషు కష్టమే, పక్క రూము లా స్టూడెంట్ అన్న సాయం చేసినాడు.

ఈ చట్టంలో ఒకచోట కూర్చునేవాళ్ళే కాదు, తిరిగి అమ్ముకునేవాళ్ళు కూడా వ్యాపారులే. నూరేళ్ళ కింద జైలుకి పంపిన పనికి ఇప్పుడు సర్టిఫికెట్ ఇస్తారు. సరుకులే కాదు, సేవలు అమ్మేవాళ్ళూ వస్తారు. సోది చెప్పే అవ్వలు కూడా వస్తారా అని మాలో మాకు ఇంకా వాదన నడుస్తోంది. ప్రతి టౌన్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, దానికి కమిషనర్ చైర్మన్. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే, వ్యాపారులు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి. వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. ఎస్టీలకి కూడా ప్రాతినిధ్యం ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది. మీ టౌన్ కమిటీలో మనోళ్ళు ఉన్నారా అని అడిగి తెలుసుకోండి.

అయిదేళ్ళకొకసారైనా సర్వే చేయాలి. సర్వే అయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళని లేపకూడదు. లేపాలన్నా 30 రోజుల నోటీసు. సరుకు తీసుకుపోతే ఏమేం తీసుకున్నారో లిస్టు రాసి, సంతకం పెట్టి చేతికివ్వాలి. చాటలు, గంపల్లాంటి చెడిపోని సరుకైతే అడిగిన రెండు పనిదినాల్లో, పూలు, పండ్లయితే అడిగిన రోజే తిరిగివ్వాలి. ఫీజు ఉంటుంది, అది వేరే. ఆ అమ్మకి లిస్టూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. అడగొచ్చని తెలిస్తే కదా.

లోపాలూ ఉన్నాయి. టౌను జనాభాలో 2.5 శాతం దాకానే చోటు అన్నారు. 2011 లెక్కల్లో తిరుపతి సుమారు 2.87 లక్షలు, అంటే ఏడు వేల మంది చిల్లర. కొండకి రోజూ వచ్చిపోయే జనం ఆ లెక్కలో లేరు. ఇంకోటి, రోడ్డు నడిచేవాళ్ళకి కూడా కావాలి, అది మేము కాదనం. పందుల విషయంలో మున్సిపాలిటీ రూలుకి మెదడువాపు జ్వరం లాంటి కారణం ఉంది. వద్దన్నప్పుడు ఎక్కడ పెంచుకోవాలో చూపించమని అడగాలి, అంతే. వెదురు సంగతి ఇంకా ఘోరం. శేషాచలం కొండల్లో పెద్ద భాగం 1989లో నేషనల్ పార్కు అయింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్న అటవీ ఉత్పత్తి అంది, అయితే అడవిని విడిచి టౌను అంచున రెండు తరాలుగా ఉన్నవాళ్ళు ఆ హక్కు ఎట్లా అడగాలి? అందుకే ఆ అమ్మ అప్పు చేసి వెదురు కొన్నది.

వచ్చే ఆదివారం మేము నలుగురం ఆ తమ్ముడి ఊరికి పోతున్నాం. ఆధార్, ఫోటో, కుల ధృవీకరణ పత్రం జిరాక్సులు, సరుకు తిరిగివ్వమని ఒక అర్జీ, పేరు నమోదు చేయమని ఇంకో అర్జీ రాసి పెట్టుకున్నాం. సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు ఎస్టీలకి, ఆడవాళ్ళకి ప్రాధాన్యం అని చట్టంలో ఉన్న లైను కూడా తెలుగులో రాసి జత చేశాం. మీ టౌన్లో ఇది ఎవరైనా చేసుంటే, ఎన్ని రోజులు పట్టింది, ఏమేం అడిగినారు, కింద రాయండి.

ఫోన్లో ఆ అమ్మకి ఇదంతా చెప్పాం. విన్నది. సరే రాండి నాయనా అన్నది. పెట్టేసే ముందు ఒక్కటి అడిగింది, ఆ పుస్తకం పోలీసోళ్ళ దగ్గరికి పోతుందా అని. పోదమ్మా అన్నాం. మీరే రాసుకుంటారా అని మళ్ళీ అడిగింది. ఆఫీసువాళ్ళు రాస్తారు, మేము పక్కనే నిలబడి చూస్తాం అన్నాం.